నెడ్ పాస్కో ఆడిన ఆదివారం

ఆదివారం మధ్యాహ్నం చలిగాలి మైదానానికి అడ్డంగా కొడుతోంది. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టి కాలితో కొట్టే ఆ ఫుట్‌బాల్ ఆట చూడడానికి వచ్చిన కొద్దిమందీ పెవిలియన్ రేకుల కింద చేరి, మాంసం కూరి కాల్చిన వేడి వేడి పైలు రెండు చేతులా పట్టుకుని చలి కాచుకుంటున్నారు. వెర్నా టల్లక్ ఒక్కతే అవతలి వైపు, కంచెకు ఆనించి మడత కుర్చీ వేసుకుని, మోకాళ్ల మీద కంబళి కప్పుకుని కూర్చుంది. నెడ్ పాస్కో ఆడేది ఆ వైపు అంచున, వింగ్‌లో గనక ఆమె చోటు కూడా అదే. అక్కడ గాలికి అడ్డం లేదు, వర్షానికి గొడుగు నిలవదు. అయినా పెవిలియన్ నుంచి చూస్తే ఆ కుర్రాడు అగ్గిపుల్లంత కనిపిస్తాడు. ఇక్కడైతే ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది.

మెర్రిబ్రూక్ క్లబ్ పెద్ద జట్టు ఆట నిన్ననే అయిపోయింది, ఓడిపోయింది కూడా. ఇవాళ్టిది రిజర్వ్ జట్టు ఆట. ఇంకా కుదురుకోని కుర్రాళ్లూ, గాయాల నుంచి తేరుకుంటున్న వాళ్లూ ఆడేది. మెర్రిబ్రూక్ గుర్తు కొంగ. నెడ్ పాస్కోను చూస్తే ఆ గుర్తు అతన్ని చూసే గీశారేమో అనిపిస్తుంది. పొడుగు కాళ్లు, సన్నటి మెడ, హెల్మెట్ లేని తల మీద రెండు పక్కలా నిక్కిన చెవులు. వయసు పంతొమ్మిది. ఉత్తరాన గోధుమ చేల మధ్య ఊరు. రెండేళ్ల కిందట క్లబ్ అతన్ని ఎంచుకున్న రోజు నుంచి వెర్నా అతని ఆట ఒక్కటీ వదల్లేదు. మొదట్లో బంతి వంక పరిగెత్తేటప్పుడు దూడలా కాళ్లు తడబడేవి. ఇప్పుడు బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టి, అక్కడ నిలబడి ఉంటున్నాడు. ఆ మార్పు ఏ ఆటలో మొదలైందో వెర్నా చెప్పగలదు.

నాలుగు క్వార్టర్ల ఆటలో రెండోది సగంలో ఉండగా పెవిలియన్ వైపు నుంచి బంతి ఎత్తుగా గాల్లోకి లేచింది. నెడ్ కళ్లు బంతి మీద పెట్టి వెనక్కి పరిగెత్తాడు. ఎదుటి జట్టు డిఫెండర్, భారీ మనిషి, పక్క నుంచి ఎగిరాడు. వాడి మోకాలు నెడ్ చెవి వెనకాల తగిలింది. ఆ చప్పుడు వెర్నాకు వినబడింది. బంతి నేలకు తగిలి, కోడిగుడ్డు దొర్లినట్టు వంకరగా గెంతుకుంటూ దూరం పోయింది. దాని వెంబడే ఆటగాళ్లు పోయారు, అంపైరు పోయాడు, పెవిలియన్‌లో జనం చూపూ పోయింది. నీళ్లు పట్టుకుని తిరిగే ట్రైనర్ అప్పటికి అవతలి కొసలో ఎవరి కాలికో పట్టీ వేస్తున్నాడు.

నెడ్ చేతులూ మోకాళ్లూ నేల మీద ఆనించి కాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత లేచాడు. మెల్లగా కంచె దగ్గరికి వచ్చి, పైన కమ్మీ పట్టుకున్నాడు. మోకాళ్ల నిండా బురద. ముఖంలో నొప్పి లేదు, ఏమీ లేదు.

“వెర్నా, మనం ఎటు కొడుతున్నాం?” అన్నాడు.

తన పేరు అతనికి తెలుసునని వెర్నాకు అప్పటిదాకా తెలియదు. ఒక్కసారిగా ఒళ్లంతా వెచ్చబడింది. చెయ్యి ఎత్తి మైదానం కొస అవతల కనిపించే గ్యాస్ ట్యాంకుల వైపు చూపించింది.

“అటు నాన్నా, ట్యాంకుల వైపు.”

అతను తలాడించి అటు పరిగెత్తాడు.

ఆ తర్వాత అతను ఆడినటువంటి ఆట మెర్రిబ్రూక్ రిజర్వ్ జట్టులో చాలాకాలంగా ఎవరూ ఆడలేదు. బంతి ఎవరు కొట్టినా నెడ్ చేతుల్లోకే వచ్చి వాలింది. ముగ్గురి భుజాల మీదుగా ఎగిరి పట్టాడు. ఒంటి చేత్తో బంతి అందుకుని, ఎడమ కాలితో, పడిపోతూ కూడా గోల్ కొట్టాడు. పెవిలియన్‌లో పైలు తినేవాళ్లు లేచి నిలబడ్డారు. వెర్నా కూడా నిలబడింది, అరిచింది, పక్కన ఎవరూ లేక తన కంబళినే పట్టుకుని కుదిపింది. ఇంటికి పోయే ట్రామ్‌లో కూర్చున్నాక గానీ ఆ ప్రశ్న మళ్లీ గుర్తు రాలేదు. మనం ఎటు కొడుతున్నాం. అప్పటికి క్వార్టర్ సగం గడిచిపోయింది. అప్పటిదాకా అతను సరైన వైపే కొడుతున్నాడు.

ట్రామ్‌లో హీటర్ ఉన్నా ఆమె చేతులు వేడెక్కలేదు.

సోమవారం పొద్దున వెర్నా పనిచేసే బేకరీలో అందరిదీ అదే మాట. బేకరీ యజమాని హాన్ ముప్పై ఏళ్లుగా ఆ వీధిలో రొట్టెలు కాలుస్తోంది, ఆటంటే పెద్ద పట్టింపు లేదు గానీ గెలిచిన వారం పైలు ఎక్కువ అమ్ముడవుతాయని మెర్రిబ్రూక్ గెలవాలని కోరుకుంటుంది. వెర్నా రొట్టెలను కోత యంత్రంలో పెట్టి, ముక్కలు చెదరకుండా చేత్తో అదిమి, సంచిలోకి జార్చి మూతి బిగిస్తూ ఉంటే, వచ్చిన ప్రతివాళ్లూ నెడ్ గురించి అడిగారు. రిజర్వ్ ఆటలు చూసొచ్చి ఆమె అభిమానుల పేజీలో రాసే కబుర్లకు ఆ పేటలో మంచి గిరాకీ. నిన్న రాత్రి రాసింది చదివి ఒకాయన, నువ్వు రాస్తే గాలి కూడా తగిలినట్టుంటుందమ్మా అన్నాడు. వెర్నా నవ్వింది. అన్నీ రాసింది. కంచె దగ్గరి మాట ఒక్కటే రాయలేదు. ఎందుకు రాయలేదని తనను తానే అడుగుకుంది. తనదీ అతనిదీ అయిన ఒక చిన్న ముచ్చట అందరి నోళ్లలో పడడం ఇష్టం లేకనా? లేక రాస్తే ఏమవుతుందో తెలిసేనా?

తలకు దెబ్బ తగిలి మనిషికి స్పృహ మసకబారిందని తేలితే, రెండు వారాలకు తక్కువ కాకుండా పక్కన కూర్చోబెడతారు. ఈ సంగతి తెలియని అభిమాని లేడు. మెర్రిబ్రూక్ పెద్ద జట్టులో వింగ్ ఆటగాడికి మోకాలు బెణికింది. ఈ శనివారం ఆ చోటు ఖాళీ. వచ్చే వారానికి ఆ గాయపడినవాడు తిరిగొచ్చేస్తాడు. నెడ్‌కు ఉన్నది ఈ ఒక్క వారమే.

మధ్యాహ్నం దాకా వెర్నా ఆలోచిస్తూనే ఉంది. ఒక రొట్టె రెండుసార్లు కోసి పొడి చేసింది. హాన్ ఆ పొడిని చూసి, బాతులకు వేసుకో అంది.

బుధవారం ప్రాక్టీసు జనం చూడొచ్చు. వెర్నా బేకరీ నుంచి తిన్నగా అక్కడికి వెళ్లింది. ఎండ కాస్తోంది, శీతాకాలపు వాలు ఎండ, కళ్లలోకి పొడుస్తుంది. ఆటగాళ్లు ఇద్దరిద్దరుగా ఎదురెదురు నిలబడి బంతులు కొట్టుకుంటున్నారు. వెర్నా నెడ్‌ను తప్ప ఇంకెవరినీ చూడలేదు. అంతకు ముందు ఎన్నిసార్లు చూసినా అతను ఏం నేర్చుకున్నాడో చూసేది. ఇవాళ ఏం పోగొట్టుకున్నాడో వెతుకుతోంది. అలా చూస్తే ప్రతిదీ అనుమానమే. బంతి జారవిడిచాడు. కానీ పక్కవాడూ జారవిడిచాడు. అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకున్నాడు. ఎండ కదా, ఇంకో ముగ్గురూ పెట్టుకున్నారు. బూటు తాడు కట్టుకోవడానికి వంగి, లేచేటప్పుడు ఒక చెయ్యి నేల మీద ఆనించి, ఆగి లేచాడు. అలా ఇంకెవరూ లేవలేదు.

ప్రాక్టీసు అయ్యాక ఆటగాళ్లు కంచె వెంట పిల్లల టోపీల మీద సంతకాలు పెడుతూ వచ్చారు. నెడ్ చివరి వరకూ వచ్చి, వెర్నా దగ్గర ఆగాడు. చుట్టూ ఒకసారి చూశాడు.

“మీకొక మాట చెప్పాలి, రేపటిదాకా బయటపెట్టకండి,” అన్నాడు మెల్లగా. “నేను ఆడుతున్నా. శనివారం. కోచ్ పొద్దున్నే చెప్పాడు. అమ్మ తర్వాత మీకే చెప్తున్నా.”

వెర్నా కంచె మీద ఉన్న అతని చెయ్యి మీద చెయ్యి వేసింది. వేళ్లు చల్లగా ఉన్నాయి. ఏడుపు వచ్చేలా ఉంది, అందుకే గబగబా అడిగేసింది.

“ఆదివారం తలకు తగిలింది కదా నాన్నా. ఇప్పుడెలా ఉంది?”

నెడ్ ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది గానీ కళ్లలోంచి దిగిపోయింది. “ఏం చూశారు మీరు?” అన్నాడు.

“మోకాలు తగలడం చూశాను. నువ్వు నా దగ్గరికి రావడం...”

“మీ దగ్గరికి.” ఆ మాట తనలో తాను అన్నట్టు అన్నాడు. తర్వాత కమ్మీ మీద చెయ్యి బిగించి, “ఎవరితోనైనా అన్నారా?”

“లేదు.”

“అనొద్దు. నేను బాగానే ఉన్నా. ఆట అయ్యాక అందరికీ చేసే పరీక్షలు సోమవారం అన్నీ పాసయ్యా. అమ్మా నాన్నా రేపు బయల్దేరుతున్నారు, మా ఊరి వాళ్లు ఒక బస్సు మాట్లాడుకున్నారు. ప్లీజ్, వెర్నా.”

ఒక పిల్ల టోపీ చాచింది. నెడ్ సంతకం పెట్టాడు. పేరు పూర్తయ్యాక కలం ఎత్తి, పెట్టింది సరిగ్గా ఉందా లేదా అన్నట్టు ఆ టోపీని కాసేపు చూసి తిరిగిచ్చాడు.

గురువారం సాయంత్రం జట్టు ప్రకటించారు. అప్పటికే చీర్ స్క్వాడ్ వాళ్లు, అంటే జట్టుకు జేజేలు కొట్టే అభిమానుల బృందం, స్కౌట్ హాలులో కుర్చీలన్నీ గోడకు జరిపి, చెప్పులు విప్పి, నేలంతా క్రేప్ కాగితం పరిచారు. ఆట మొదలయ్యే ముందు జట్టు మైదానంలోకి చీల్చుకుంటూ వచ్చే బ్యానర్ అది. ఇల్లంత ఎత్తు ఉంటుంది. ముడతల కాగితం పట్టీలు పక్కపక్కన పరిచి, వెనక వైపు వెడల్పాటి టేపు అంటించి, మళ్లీ తిరగేసి అక్షరాలు అతికించాలి. బిగువుగా అంటిస్తే గాలికి చిరుగుతుంది, వదులుగా అంటిస్తే వేలాడుతుంది. సాక్సులతో కాగితం మీద మోకాళ్ల మీద పాకేటప్పుడు బరువు అరచేతుల మీద వేయకూడదు. వెర్నా ఈ పని ఎన్నేళ్లుగా చేస్తోందంటే, చీకట్లో కూడా టేపు కొస గోటికి తగిలితే తిన్నగా లాగగలదు.

బ్యానర్ పెద్ద కెల్విన్ డ్రూరీ. ట్రాములు నడిపి రిటైరయ్యాడు. బ్యానర్ మీద పాట కట్టేది ఆయనే, ఆ పాటల్ని ఎగతాళి చెయ్యడం మిగతావాళ్ల హక్కు. ఇవాళ ఆయన ముఖం వెలిగిపోతోంది. కాగితం మీద రాసుకొచ్చింది గొంతెత్తి చదివాడు.

“ఎదురుచూపు ముగిసె నేడు, వచ్చాడోయ్ మన నెడ్డు!”

నెడ్డు ఏమిటయ్యా, గుడ్డు లాగా ఉంది అని ఒకావిడ అంది. కెల్విన్, ప్రాస కావాలా వద్దా అన్నాడు. అందరూ నవ్వారు. ఆకుపచ్చ అక్షరాలు కత్తిరించే పని ఇద్దరికి, అంటించే పని వెర్నాకు అప్పగించాడు. నెడ్ పేరు నువ్వే అంటించాలి, వాడు నీ వాడు కదా అన్నాడు.

వెర్నా ఆ పేరు అంటించింది. ఒక్కొక్క అక్షరం కింద గాలి లేకుండా అరచేత్తో మధ్య నుంచి అంచులకు రాసింది. పక్కవాళ్లు టీ కోసం లేచి వెళ్లాక, కెల్విన్ తాడుకొసలు ముడి వేస్తుంటే, ఆయన దగ్గరికి మోకాళ్ల మీదే జరిగి, ఆదివారం సంగతి మొత్తం చెప్పింది.

కెల్విన్ ముడి వెయ్యడం ఆపలేదు. చివరిదాకా విని, “డాక్టర్లు చూశారా?” అన్నాడు.

“పరీక్షలు పాసయ్యానన్నాడు.”

“మరి?”

“ఎటు కొట్టాలో తెలీలేదు కెల్విన్. నన్నడిగాడు.”

“వాడికి పంతొమ్మిదేళ్లు. నాకు డెబ్బై. నాకూ అప్పుడప్పుడు తెలీదు.” నవ్వబోయి ఆమె ముఖం చూసి మానేశాడు. “చూడమ్మా. క్లబ్బుకు డాక్టర్లున్నారు, కెమెరాలున్నాయి, ఇంతింత జీతాలున్నాయి. నువ్వు చెప్పేది ఒక్క మాట. ఆ ఒక్క మాటకి వాడి రోజు పోతుంది. శనివారం వాడి చోట వచ్చినవాడు బాగా ఆడితే? అంతే, వాడిక రిజర్వ్‌లోనే. ఇలాంటి వాళ్లని ఎంతమందిని చూడలేదు మనం? ఈ ఏడాదితో వాడి ఒప్పందం కూడా అయిపోతుంది. తర్వాత ఊరికెళ్లి గోధుమలు కోసుకోవాలి.”

“ఇంకో దెబ్బ తగిలితే?”

“తగలకపోతే?” అన్నాడు కెల్విన్.

ఆయన చెడ్డవాడు కాదు. వెర్నా భర్త చనిపోయిన ఏడాది శనివారం శనివారం ఇంటికొచ్చి ఆమెను ఆటకు లాక్కెళ్లింది ఆయనే. ఇద్దరూ కలిసి బ్యానర్‌ను చాపలా చుట్టారు. మధ్యలో ముడతపడకుండా ఆమె ముందు నడిచింది.

శుక్రవారం వెర్నా ఏ పనీ సవ్యంగా చెయ్యలేదు. నెడ్ తల్లి పాత ఫొటో ఒకటి అభిమానుల పేజీలో పెట్టింది. ఆరేళ్ల వాడు, పెద్దవాళ్ల జెర్సీ మోకాళ్ల దాకా వేలాడుతూ, గోధుమ బస్తాల మీద నిలబడి బంతి పట్టుకున్నాడు. దాని కింద వందల మంది రాసిన ఆశీర్వాదాలు. వెర్నా అది చూసి ఫోన్ బోర్లించి పెట్టింది. మళ్లీ తిప్పింది. మళ్లీ బోర్లించింది. బన్నుల ట్రే సింకులో పెట్టి నీళ్లు తిప్పి, నిలబడిపోయింది.

హాన్ వెనక నుంచి వచ్చి కుళాయి కట్టేసింది. “ఫోన్ చేస్తావా, ట్రే కడుగుతావా? ఏదో ఒకటి చెయ్యి. నీళ్లు పోతున్నాయి.”

“నేనెవరికి ఫోన్ చెయ్యాలనుకుంటున్నానో నీకేం తెలుసు?”

“తెలీదు. పొద్దున్నుంచి దాన్ని తిప్పుతున్నావు. నాకు కళ్లు తిరుగుతున్నాయి.”

వెర్నా చేతులు తుడుచుకుని, పిండి బస్తాలుండే వెనక గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. క్లబ్ ఆఫీసులో ఫోన్ ఎత్తిన అమ్మాయి టిక్కెట్ల గురించా అని అడిగింది. కాదంటే ఇంకొకరికి కలిపింది. ఆ ఇంకొకరు సభ్యత్వం విభాగం. వాళ్లు మళ్లీ మొదటి అమ్మాయికే కలిపారు. పెట్టేద్దామా అనుకుంది. పెట్టేస్తే మళ్లీ చెయ్యలేనని తెలుసు. తలకు దెబ్బ తగిలిన సంగతి, డాక్టరుతోనే మాట్లాడాలి అంది. ఆ అమ్మాయి గొంతు మారింది.

డాక్టర్ రెన్నీ ఆడమనిషి, నిదానంగా మాట్లాడింది. “మీరు చూసింది మాత్రం చెప్పండి. అనుకున్నది వద్దు,” అంది.

వెర్నా చెప్పింది. చెప్తుంటే ఎంత చిన్న సంగతిగా ఉందో ఆమెకే వినబడింది. ఒక మోకాలు, ఒక ప్రశ్న. మా వీడియో పెవిలియన్ వైపు నుంచే ఉంది, ఆ సమయానికి కెమెరా బంతి వెంట వెళ్లింది అంది డాక్టర్. దెబ్బ తర్వాత ఎంతసేపు లేవలేదు, ఏ వైపు తగిలింది, మాటలో తడబాటు ఉందా అని అడిగింది. చివరికి, ఇది ఎవరు చెప్పారని అతను అడుగుతాడు, మీ పేరు చెప్పకుండా ఉండమంటే ఉంటాను అంది.

బస్తాల మీద తెల్లటి పిండి పొర. వెర్నా వేలితో దాని మీద గీత గీసింది, తుడిచేసింది.

“చెప్పండి. నేనేనని చెప్పండి.”

సాయంత్రానికి ప్రకటన వచ్చింది. నెడ్ పాస్కో అందుబాటులో లేడు, అతని బదులు డాసన్ రిగ్బీ ఆడతాడు. అంతే. కారణం రాయలేదు. కారణం తెలియడానికి మాత్రం ఎంతోసేపు పట్టలేదు. దారంతా కారు నడుపుకుంటూ వచ్చిన నెడ్ తండ్రి క్లబ్ ఆఫీసులో నిలబడి, మీ చీర్ స్క్వాడ్‌లో ఎవరో ముసలావిడ మాట పట్టుకుని నా కొడుకును ఆపుతారా అని అరిచాడట. పక్కనే టోపీలూ మఫ్లర్లూ అమ్మే కొట్లో కెల్విన్ కోడలు పనిచేస్తుంది. అభిమానుల పేజీలో వెర్నా పేరు ఎవరూ రాయలేదు. ఆమె కబుర్ల కింద మాత్రం ఒకరి తర్వాత ఒకరు, బాగా రాశావు, ఇంక రాయకు, అని రాశారు.

శనివారం పొద్దున స్టేడియం వెనక గేటు దగ్గర బ్యానర్ విప్పారు. వెర్నా రాకుండా ఉండిపోవాలనే అనుకుంది. మఫ్లర్ చుట్టుకుని, విప్పి, మళ్లీ చుట్టుకుని వచ్చింది. ఆమె వచ్చేసరికి మాటలు ఆగాయి. కెల్విన్ కత్తెర పట్టుకుని నిలబడి ఉన్నాడు. దాన్ని ఆమెకు అందించాడు.

“నువ్వే అంటించావు, నువ్వే తియ్యి,” అన్నాడు. కోపంగా అనలేదు. అలసిపోయిన గొంతుతో అన్నాడు.

వెర్నా బూట్లు విప్పి కాగితం మీదికి పాకింది. బాగా అంటించిన అక్షరం ఊడిరాదు. గోటితో టేపు అంచు లేపి, వెచ్చబడేలా ఊది, కాగితం చిరగకుండా వెంట్రుకవాసి చొప్పున లాగాలి. ఎవరూ సాయం రాలేదు. ఒకావిడ కిందికి వంగబోయి, కెల్విన్ వంక చూసి నిటారుగా నిలబడిపోయింది. పేరు మొత్తం ఊడేసరికి అక్కడ ఒక చోట కాగితం పలచబడి కింద నేల మసగ్గా కనిపించింది. దాని మీద కొంగ బొమ్మ ఒకటి అతికించారు. ప్రాస పోయింది. ఎవరూ నవ్వలేదు.

బ్యానర్ ఎత్తేటప్పుడు ఎడమ వైపు రెండో తాడు వెర్నాది. ఇవాళ ఆ తాడు ఇంకొకరి చేతిలో ఉంది. ఆమె ఏమీ అడగలేదు. స్టాండు మెట్లన్నీ ఎక్కి, పై వరసలో ఎవరూ కూర్చోని మూలకు పోయి కూర్చుంది. దూరాన ఒక గుంపు జనం చేతుల్లో గోధుమ కంకులు ఊపుతున్నారు. వాళ్లు ఎవరో అడగక్కర్లేదు. ఆట చూడ్డానికి బస్సులో బయల్దేరి వచ్చారు, వెనక్కి తిప్పడానికి వీల్లేకపోయింది కాబోలు. జట్టు బ్యానర్ చీల్చుకుంటూ వచ్చింది. డాసన్ రిగ్బీ రెండో నిమిషంలోనే మంచి బంతి పట్టాడు. జనం హోరెత్తారు. వెర్నాకు కెల్విన్ అన్న మాట గుర్తొచ్చింది.

మొదటి క్వార్టర్ అయ్యాక కింద మెట్ల దగ్గర కలకలం రేగింది. క్లబ్ కోటు, టోపీ, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న పొడుగాటి కుర్రాడొకడు ఎక్కి వస్తున్నాడు. జనం దారి ఇస్తున్నారు, వీపు తడుతున్నారు. ఒకాయన వీపు తడుతుంటే అతను మెడ బిగించి కళ్లు మూసుకోవడం వెర్నా ఇంత దూరం నుంచీ చూసింది. అతను వరసలన్నీ దాటి, తిన్నగా ఆమె ఉన్న మూలకు వచ్చాడు. మధ్యలో ఒక కుర్చీ వదిలి కూర్చున్నాడు.

వెర్నా చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురు చూసింది.

“మా నాన్న మీ ముఖం చూడనంటున్నాడు,” అన్నాడు నెడ్.

“అవును నాన్నా. మరి అలాగే ఉంటుంది.”

“నాకూ కోపంగానే ఉంది.”

“ఉండాలి.”

డాసన్ మళ్లీ బంతి అందుకున్నాడు. నెడ్ ముందుకు వంగి చూశాడు, తర్వాత వెలుతురు పడనట్టు తల దించుకున్నాడు. కింద ఎవరో డప్పు కొడుతున్నారు. ప్రతి దెబ్బకూ అతని కనుబొమ్మలు ముడిపడుతున్నాయి. లోపల గదిలో కూర్చోవచ్చు కదా అని వెర్నా అడిగింది. అక్కడ అందరూ ఆదివారం ఆట గురించే మాట్లాడుతున్నారన్నాడు.

నెడ్ తల ఎత్తి, మైదానం వంకే చూస్తూ, “నాకది గుర్తులేదు,” అన్నాడు.

“ఏది?”

“ఆదివారం. పొద్దున బస్సెక్కడం గుర్తుంది. తర్వాత ఆ రాత్రి గదిలో ఉండడం. మధ్యలో ఏమీ లేదు.” అతని గొంతు చిన్నదైపోయింది. “ఆట వీడియో ఇచ్చారు. రాత్రంతా చూశా. పాఠం బట్టీపట్టినట్టు పట్టా, ఏ గోల్ తర్వాత ఏది, ఎవరు ఇచ్చారు, ఎటు కొట్టా. డాక్టర్ అడిగితే అన్నీ చెప్పేశా. ఒక్కటి తప్పలేదు. బుధవారం మీరు, నా దగ్గరికి వచ్చావు అన్నారు చూడండి. అది వీడియోలో లేదు.”

వెర్నా అతని వైపు తిరిగింది. ఏం చూశారు మీరు, అని కంచె దగ్గర అతను అడిగినప్పుడు అది బెదిరింపనుకుంది, బతిమాలడమనుకుంది. అతను నిజంగానే అడిగాడు. తెలియక అడిగాడు.

“ఇప్పుడు డాక్టరుకి చెప్పావా?”

“నిన్న. మీ పేరు చెప్పి ఏమైందని అడిగింది. చెప్పేశా. అమ్మకింకా చెప్పలేదు.” కోటు జిప్పు పైకీ కిందికీ లాగాడు. “అంతా అంటున్నారు, అలాంటి ఆట ఎవరూ ఆడలేదని. ఊళ్లో తాతయ్య ఫోన్ చేసి ఏడ్చాడు. అది ఎవరో ఆడినట్టుంది వెర్నా. నా బూట్లు వేసుకుని. వీడియోలో అగ్గిపుల్లలా ఉన్నా. నేనేనో కాదో కూడా తెలీట్లేదు.” కళ్లద్దాలు సర్దుకున్నాడు. “మీరు ఆ రోజు నా వైపే ఉన్నారు కదా. చెప్తారా?”

“ఏం చెప్పను?”

“మొత్తం.”

వెర్నా గొంతు సవరించుకుంది. మొదట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. తర్వాత తెలిసింది.

“నువ్వు అందరికన్నా ఆఖర్న దిగావు. ఎడమ మేజోడు జారుతుంటే ఒంటికాలి మీద గెంతుతూ లాక్కున్నావు. గాలి ఇటు నుంచి అటు కొడుతోంది. మొదటి బంతి నీ దగ్గరికి వచ్చి జారిపోయింది. నువ్వు నిన్నే తిట్టుకున్నావు. ఏమని తిట్టుకున్నావో వినబడింది గానీ నేను చెప్పను.”

నెడ్ నోటి కొస కదిలింది.

ఆమె చెప్పుకుంటూ పోయింది. గాలిని బట్టి అతను రెండడుగులు లోపలికి జరిగి నిలబడడం, ఎదుటివాడు అది కనిపెట్టలేకపోవడం, ఒకసారి బంతి ఇవ్వకుండా తానే కొట్టి గురి తప్పి, తోటివాడికి చెయ్యెత్తి క్షమాపణ చెప్పుకోవడం. రెండో క్వార్టర్ వచ్చింది. మోకాలు వచ్చింది.

“నువ్వు లేచి నా దగ్గరికి వచ్చావు. మనం ఎటు కొడుతున్నాం అని అడిగావు.”

“మీరేమన్నారు?”

“చెయ్యి చూపించాను.” వెర్నా ఆ చేతిని ఒళ్లోంచి తీసి చూసుకుంది. “కంచె ఇవతలి నుంచి నీ చొక్కా పట్టుకున్నా సరిపోయేది. కేక వేసినా సరిపోయేది. నా పేరు నీకు తెలుసని మురిసిపోయి, అటు నాన్నా అన్నాను. నువ్వు నా మాట విని పరిగెత్తావు.”

నెడ్ కళ్లద్దాల వెనక ఏముందో కనబడలేదు. అతను లేచి వెళ్లిపోతాడనుకుంది. అతను కాళ్లు ముందుకు చాపి, తల కుర్చీ వెనక్కి ఆనించాడు.

“తర్వాత?” అన్నాడు.

“తర్వాత అటే కొట్టావు.”

“ఎలా? మొదటిది చెప్పండి. ఏ కాలితో?”

వెర్నా చెప్పడం మొదలుపెట్టింది. కింద డాసన్ రిగ్బీ గోల్ స్తంభాల ఎదుట బంతి పట్టాడు. అడుగులు వేసుకుంటూ వచ్చి కొట్టాడు. స్టేడియం అంతా ఒక్కసారిగా లేచింది. ముందు వరసల వాళ్ల వీపులు అడ్డం వచ్చి మైదానం కనబడకుండా పోయింది. హోరులో ఆమె మాట తనకే వినబడలేదు. నెడ్ మధ్యలో ఉన్న కుర్చీలోకి జరిగి, చెవి ఆమె దగ్గరగా పెట్టాడు. వెర్నా గొంతు పెంచకుండా, ఆ చెవిలో, ఎడమ కాలితో నాన్నా, ఎడమ కాలితో, అని చెబుతూనే ఉంది.